కలిసిన కణాలు పలకాలంటే

నేను మెదడు కణాల కరెంటు కొలిచేదాన్ని. చదువు హైదరాబాదులో, ఉద్యోగం అమెరికాలోని డాలస్‌లో. మా పనిని పుస్తకాల్లో ఎలక్ట్రోఫిజియాలజీ అంటారు. ల్యాబులో అంత పొడుగు పేరు ఎవరూ వాడరు, "ప్యాచింగ్" అంటే చాలు. గాజు గొట్టాన్ని వేడి చేసి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి మొన వచ్చేలా లాగి, ఆ మొనను బతికున్న ఒక న్యూరాన్‌కు ఆనించి, పక్క కణాలు దానికి పంపే సంకేతాలను ఒక్కొక్కటిగా నమోదు చేస్తాం. ఒక్కో చిన్న సంకేతం పదో ఇరవయ్యో పికోఆంపియర్లు ఉంటుంది. ఆంపియర్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పికోఆంపియర్.

ఇన్నేళ్లుగా ఈ పద్ధతితో నేను వెంటపడుతున్న ప్రశ్న ఒకటే. రెండు న్యూరాన్లు కలిసే చోట వాటిని పట్టి ఉంచే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. పట్టి ఉంచడమేనా వాటి పని, లేక ఆ రెండు కణాలు ఏం మాట్లాడుకోవాలో, ఎంత గట్టిగా మాట్లాడుకోవాలో కూడా అవే నిర్ణయిస్తాయా?

పంపే కణం చివర, అందుకునే కణం ఒంటి మీద, రెండు పొరలు ఎదురెదురుగా నిలిచే చోటు సినాప్స్. మధ్య సందు ఇరవై నానోమీటర్లకు అటూ ఇటూ. పంపే వైపు చిన్న చిన్న సంచుల్లో రసాయనం నిండి ఉంటుంది. సంకేతం రాగానే సంచి పొరతో కలిసిపోయి రసాయనాన్ని సందులోకి వదులుతుంది. అవతలి గట్టున గ్రాహకాలు దాన్ని పట్టుకుని మళ్లీ కరెంటుగా మారుస్తాయి. అంతా మిల్లీసెకన్లలో జరిగిపోవాలి. కాబట్టి సంచి తెరుచుకునే చోటికి సరిగ్గా ఎదురుగానే గ్రాహకాలు ఉండాలి, ఇవతలి గట్టుకు అవతలి గట్టు సంగతి తెలియాలి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. ఒక్కోదానికి వేల సినాప్సులు. అన్నిచోట్లా ఈ ఎదురుబొదురు అమరికను కాచే ప్రొటీన్లే నా సబ్జెక్టు.

కణాలను పట్టి ఉంచే ప్రొటీన్లు ఒంటినిండా ఉన్నాయి. చర్మం చర్మంగా, కాలేయం కాలేయంగా నిలబడేది వాటివల్లే. జపాన్‌లో మసాతోషి తకేయిచి క్యాల్షియం ఉంటేనే పట్టు చూపే క్యాడ్‌హెరిన్లను కనిపెట్టాక, మెదడులో కూడా వాటి బంధువులు దొరికాయి. సినాప్సుకే ప్రత్యేకమైన జంట మాత్రం దొరికింది ఒక సాలెపురుగు విషం పుణ్యమా అని. బ్లాక్ విడో అనే సాలెపురుగు కరిస్తే కండరాలు బిగుసుకుపోయి భరించలేని నొప్పి వస్తుంది. దాని విషంలోని ఆల్ఫా లాట్రోటాక్సిన్, నరాల చివళ్లలో దాచి ఉన్న రసాయనాన్ని ఒక్కసారిగా బయటికి తోడేస్తుంది. ఆ విషం నరం మీద దేన్ని పట్టుకుంటుందో వెతుకుతూ, మా ఊళ్లోనే ఉన్న టెక్సస్ విశ్వవిద్యాలయపు సౌత్‌వెస్టర్న్ వైద్యకేంద్రంలో థామస్ సుడాఫ్ బృందం 1992లో న్యూరెక్సిన్‌ను బయటపెట్టింది. 1995లో అదే బృందం దానికి అవతలి గట్టున నిలబడే జోడీని పట్టుకుంది. అది న్యూరోలిజిన్. సుడాఫ్‌కు 2013లో నోబెల్ వచ్చింది, అది రసాయన సంచులు తెరుచుకునే తీరును విప్పి చెప్పినందుకు. నన్నడిగితే న్యూరెక్సిన్ పని కూడా ఏ బహుమతికీ తక్కువ కాదు.

ఈ రంగంలోకి వచ్చినవాళ్లంతా మొదట నేర్చుకునే ప్రయోగం ఒకటుంది. 2000లో పీటర్ షైఫెలే తన సహచరులతో కలిసి చూపించిన ప్రయోగం అది. మూత్రపిండం నుంచి తీసి, ల్యాబుల్లో తరతరాలుగా పెంచుతున్న మామూలు కణాలు కొన్ని తీసుకుంటాం. వాటికి మెదడుతో ఏ సంబంధమూ లేదు. వాటిలో న్యూరోలిజిన్ జన్యువు పెట్టి, గాజు పలక మీద పెరుగుతున్న న్యూరాన్ల మధ్య వదులుతాం. ఒకటి రెండు రోజుల్లో న్యూరాన్ల కొమ్మలు ఆ కణాన్ని తాకి, తాకినచోటల్లా రసాయన సంచులను పేర్చుకుంటాయి. ఎదురుగా ఉన్నది మెదడు కణం కాదని వాటికి తెలియదు, న్యూరోలిజిన్ కనిపిస్తే చాలు. రంగువేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ కణం చుట్టూ మెరిసే చుక్కల దండ కనిపిస్తుంది. 2004లో యాన్ మేరీ క్రెయిగ్ బృందం దీన్నే తిరగేసి చూపింది. మామూలు కణంలో న్యూరెక్సిన్ పెడితే, దాన్ని తాకిన న్యూరాన్ అందుకునే వైపు సరంజామాను అక్కడ కూడగట్టుకుంటుంది. విద్యార్థిగా ఆ చుక్కల దండను మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం నాకింకా కొత్తగానే ఉంది.

ఆ రోజుల్లో అందరం అనుకున్నది ఒకటే, ఈ ప్రొటీన్లు లేకపోతే సినాప్సులే పుట్టవని. అంత పట్టు చూపించే జంటను తీసేస్తే మెదడులో కలయికలే ఉండవని ఎవరైనా ఊహిస్తారు.

జర్మనీలోని గోటింగెన్‌లో నిల్స్ బ్రోజే బృందం చిట్టెలుకల్లో న్యూరోలిజిన్ 1, 2, 3 జన్యువులను తీసేసి, 2006లో ఫలితం ప్రకటించింది. పిల్లలు పుట్టాయి, పుట్టిన కొద్ది గంటల్లోనే ఊపిరి అందక చనిపోయాయి. శ్వాసను నడిపించే మెదడు కాండంలో సంకేతాలు సరిగా వెళ్లడం లేదు. కానీ సినాప్సులను లెక్కపెడితే ఉన్నాయి, మామూలు పిల్లల్లో ఎన్ని ఉన్నాయో ఇంచుమించు అన్నీ ఉన్నాయి. అంతకు మూడేళ్ల ముందే, పొడవాటి రకం న్యూరెక్సిన్లు మూడింటినీ తీసేసిన చిట్టెలుకల్లోనూ ఇలాంటిదే కనిపించింది. నిర్మాణం చాలావరకు నిలిచే ఉంది. పంపే వైపున క్యాల్షియం మార్గాలు పనిచేయాల్సినంతగా పనిచేయక, రసాయనం విడుదల బాగా తగ్గిపోయింది. పందిరి వేసినంత మాత్రాన పెళ్లి జరిగిపోదు. ఈ ప్రొటీన్లు లేకపోయినా పందిరి లేస్తుంది, లోపల జరగాల్సింది జరగదు.

ఈ రెండు ఫలితాలతో మా రంగం దృష్టి మారింది. నా పనికి గౌరవం పెరిగింది కూడా అప్పుడే అని చెబితే అతిశయోక్తి కాదు. ఎందుకంటే సూక్ష్మదర్శినిలో చూసి చుక్కలు లెక్కపెడితే ఈ తేడా కనిపించదు. గాజు మొన ఆనించి వింటేనే తెలుస్తుంది.

మొన్నామధ్య విజయవాడ నుంచి పీహెచ్‌డీకి వచ్చిన ఒక అమ్మాయి మా ల్యాబులో చేరింది. జన్యువు మార్చిన చిట్టెలుకల, మామూలు చిట్టెలుకల సినాప్సులకు నెలల తరబడి రంగులు వేసి, ఫొటోలు తీసి, ఓ సాయంత్రం నీరసంగా వచ్చింది.

"అక్కా, రెండు గ్రూపుల్లోనూ సినాప్సులు ఒకటే వచ్చాయి. తేడా ఏమీ లేదు. ఈ ప్రాజెక్టు ఇక్కడితో ఆపేయమంటారా?"

"ఆపడమేంటమ్మా, అసలు పని ఇప్పుడేగా మొదలు. రేపు పొద్దున్నే రా, రిగ్ మీద కూర్చుందాం," అన్నాను.

రిగ్ అంటే మా పనిబల్ల. నేల కంపనాలు అందకుండా గాలి మీద తేలే బరువైన బల్ల, దాని మీద సూక్ష్మదర్శిని, చుట్టూ బయటి కరెంటు చొరబడకుండా లోహపు జాలీ. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్‌ది. ఎక్కడ ఒక్క వైరుకు ఎర్త్ సరిగా లేకపోయినా ఆ గుయ్యిమనే అల తెర మీదికొచ్చి, మన చిన్న సంకేతాలను మింగేస్తుంది. దాని జాడ పట్టడానికి ఒక్కోసారి పూటంతా పోతుంది. అల్యూమినియం రేకులు చుట్టీ, వైర్లు మార్చీ, చివరికి ఆ గీత నున్నగా అయినప్పుడు గదిలో ఉన్నవాళ్లందరికీ ప్రాణం లేచొస్తుంది.

మెదడును బయటికి తీసిన నిమిషం నుంచి గడియారం పరుగెడుతుంది. మంచులా చల్లబరిచిన ద్రావణంలో, వైబ్రటోమ్ అనే యంత్రం బ్లేడు అటూ ఇటూ ఊగుతూ మెదడును 300 మైక్రాన్ల పలకలుగా కోస్తుంది. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసును బుడగలుగా వదిలే ఉప్పు ద్రావణంలో ఆ పలకలు ఊపిరి పోసుకుంటాయి. ఆ తర్వాత కొన్ని గంటలు మాత్రమే మన చేతిలో ఉంటాయి. ఒక జీవి ప్రాణం తీసి చేసే పని ఇది. నైతిక కమిటీ అనుమతి, మత్తు, అన్నీ ఉంటాయి. అవి ఉన్నా సరే, ఆ పలకల్లో ఒక్కదాన్ని కూడా అశ్రద్ధతో పాడుచేసే హక్కు మనకు లేదని నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెబుతాను.

గాజు గొట్టంలో కొద్దిగా గాలి ఒత్తిడి పెట్టి మొనను కణం మీదికి దించుతాం. కణం మీద చిన్న గుంట పడుతుంది. వెంటనే ఒత్తిడి వదిలేసి, నోట్లో పెట్టుకున్న సన్నటి గొట్టంతో మెల్లగా పీల్చాలి. కణం పొర గాజుకు అంటుకుని, నిరోధం గిగాఓమ్ దాటుతుంది. అదే సీల్. ఇంకొక్క చిన్న పీల్పుతో మొన కింది పొర తెగి, కణం లోపలికి దారి తెరుచుకుంటుంది. ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్‌లు మలిచిన ఈ విద్యకు 1991లో నోబెల్ ఇచ్చారు. యంత్రాలు ఎంత మారినా ఆ పీల్పు మాత్రం ఈనాటికీ చాలా ల్యాబుల్లో మనిషి నోటితోనే జరుగుతోంది.

ఆ తర్వాత ద్రావణంలో టెట్రోడోటాక్సిన్ కలుపుతాం. పఫర్ చేపలో ఉండే విషం అది. న్యూరాన్ల పెద్ద సంకేతాలన్నీ ఆగిపోతాయి. మిగిలేవి, ఒక్కో సంచి దానంతట అది తెరుచుకుంటే వచ్చే చిన్న చిన్న కరెంట్లు. వాటిలో రెండు విషయాలు చూస్తాం. ఎంత తరచుగా వస్తున్నాయన్నది ఎక్కువగా పంపే గట్టు సంగతి చెబుతుంది. ఒక్కోటి ఎంత పెద్దదన్నది అందుకునే గట్టు సంగతి చెబుతుంది. ఏ చిట్టెలుకలో జన్యువు మార్చారో, ఏది మామూలుదో కొలిచేవాళ్లకు తెలియనివ్వం. నంబరు మాత్రమే ఉంటుంది. కొలతలన్నీ అయ్యాకే కోడ్ విప్పుతాం. ఆ అమ్మాయి కోడ్ విప్పిన రోజున, చుక్కల లెక్కలో ఒకటిగా ఉన్న రెండు గ్రూపులు కరెంటు లెక్కలో స్పష్టంగా విడిపోయాయి. ఆమె ముఖంలో వెలుగు చూసి, ఈ వృత్తిలో నాకు ఇంతకంటే పెద్ద జీతం అక్కర్లేదనిపించింది.

నా వృత్తి నాకు నేర్పిన అసలు సంగతి ఏమిటంటే, ఈ ప్రొటీన్లకు ఒకే పని అని గిరి గీయలేం. న్యూరోలిజిన్ 1 ఉత్తేజపరిచే సినాప్సుల్లో ఉంటుంది. న్యూరోలిజిన్ 2 శాంతపరిచే సినాప్సుల్లో ఉంటుంది. ఇక న్యూరెక్సిన్ జన్యువులు మూడే అయినా, ముక్కలు కలుపుకునే తీరు మారడం వల్ల వెయ్యికి పైగా రూపాలు తయారవుతాయి. వాటిలో నాలుగో స్థానంలో చేరే ఒక ముక్క 30 అమైనో ఆమ్లాలది. ఆ చిన్న ముక్క ఉంటే న్యూరెక్సిన్ సెరిబెల్లిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, లేకపోతే వేరే జోడీలతో కలుస్తుంది. న్యూరెక్సిన్ 1లో ఆ ముక్క చేరితే అవతలి గట్టున ఎన్‌ఎండీఏ అనే రకం గ్రాహకాల కరెంటు పెరుగుతుంది. న్యూరెక్సిన్ 3లో అదే ముక్క చేరితే ఏఎంపీఏ అనే ఇంకో రకం గ్రాహకాల కరెంటు తగ్గుతుంది. ముప్పై అమైనో ఆమ్లాలు, పంపే గట్టున కూర్చుని, అందుకునే గట్టు ఎలా వినాలో శాసిస్తున్నాయి. నా మటుకు నాకు ఆధునిక జీవశాస్త్రంలో దీన్ని మించిన అందమైన విషయం లేదు.

ఈ పరిశోధన మనుషుల ఇళ్ల దాకా వచ్చింది 2003లో. పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన థామస్ బూర్జెరోన్, స్వీడన్ వైద్యులతో కలిసి రెండు స్వీడిష్ కుటుంబాలను పరీక్షించారు. ఒక్కో ఇంట్లో ఇద్దరేసి అన్నదమ్ములు ఆటిజం, దానికి దగ్గరి స్థితులతో ఉన్నారు. ఒక ఇంట్లో న్యూరోలిజిన్ 3లో, ఇంకో ఇంట్లో న్యూరోలిజిన్ 4లో మ్యుటేషన్ దొరికింది. మొదటిదాంట్లో తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం, 451వ స్థానంలో ఆర్జినైన్ బదులు సిస్టీన్. దాంతో ప్రొటీన్‌లో చాలా భాగం కణం ఉపరితలానికి చేరకుండా లోపలే చిక్కుకుపోతుంది. ఇదే మార్పును చిట్టెలుకల్లో పెట్టి కొలిస్తే, 2007లో మెదడు పైపొరలో శాంతపరిచే సంకేతాలు పెరిగాయని తేలింది. 2011లో మెదడులోనే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చూస్తే ఉత్తేజపరిచే సంకేతాలు పెరిగాయి. అదే అక్షరం మారింది, ఒక వీధిలో ఒక మాట, పక్క వీధిలో ఇంకో మాట. అందుకే "ఆటిజం అంటే ఫలానా ప్రొటీన్ లోపం" అని ఎవరైనా తేలిగ్గా చెబితే నేను ఒప్పుకోను.

ఇంకో ఫలితం నన్ను చాలా రోజులు వెంటాడింది. న్యూరెక్సిన్ 1 జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాంట్లో ముక్క పోతే ఆటిజం, స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం పెరుగుతుంది. మనిషి మూలకణాల నుంచి పెంచిన న్యూరాన్లలో ఇలా ఒక్క ప్రతిని దెబ్బతీస్తే, సినాప్సుల సంఖ్య తగ్గలేదు, రసాయనం విడుదల తగ్గింది. ఇది 2015లో వచ్చింది. స్కిజోఫ్రీనియా ఉన్నవారి కణాల నుంచి పెంచిన న్యూరాన్లలోనూ తర్వాత అదే కనిపించింది. చిట్టెలుక న్యూరాన్లలో అదే మార్పు చేస్తే ఆ తేడా రాలేదు. చిట్టెలుక నేర్పేది ఎంతో ఉంది, మనిషి సంగతి మాత్రం మనిషి కణాన్ని అడిగే తేల్చుకోవాలి.

డాలస్‌లో మన తెలుగువాళ్లు ఎక్కువ. ఒక ఉగాది సంబరంలో ఓ అమ్మాయి నా పక్కన కూర్చుని, నాలుగేళ్ల కొడుకు చెయ్యి వదలకుండానే అడిగింది.

"అక్కా, మీరు మెదడు మీద పనిచేస్తారటగా. మా వాడికి ఆటిజం అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు నేను ఉద్యోగం మానలేదు, సరిగా నిద్రపోలేదు. మా అత్తయ్యగారు దానివల్లే అంటారు. నిజమేనా?"

"కాదు తల్లీ. అది నీ తప్పు కాదు. ఆ మాట ఎవరన్నా సరే నమ్మకు," అన్నాను.

"మరి మీరు చూసే ఆ ప్రొటీన్లకు పరీక్ష చేయిస్తే మందు ఉంటుందా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నా ప్రయోగాలన్నిటికంటే కష్టం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. న్యూరోలిజిన్ మ్యుటేషన్లు ఆటిజం ఉన్న పిల్లల్లో బహు అరుదుగా దొరుకుతాయి. న్యూరెక్సిన్ 1 ముక్క పోయిందేమో క్రోమోజోమ్ మైక్రోఅరే పరీక్షలో తెలుస్తుంది. తెలిస్తే, తర్వాతి బిడ్డ విషయంలో జన్యు సలహాదారుతో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. అదే ముక్క పోయి, ఏ ఇబ్బందీ లేకుండా బతికేవాళ్లూ ఉన్నారు. మందు మాత్రం ఇప్పటికి లేదు. అమెరికాలోనే 1950, 60ల్లో తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని పెద్ద పెద్ద నిపుణులు రాశారు. అది శుద్ధ అబద్ధమని తేలి దశాబ్దాలైంది. ఆ నింద మాత్రం మన ఇళ్లలో వేరే రూపంలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక్క అమైనో ఆమ్లం ఎంత పని చేయగలదో రోజూ కళ్లారా చూసేదాన్ని కాబట్టి, ఆ నింద వింటే నాకు కోపం ఆగదు.

ఆశ లేదా అంటే ఉంది. చిన్నమెదడులో సెరిబెల్లిన్ లేని చిట్టెలుకలు తూలుతూ నడుస్తాయి. జపాన్ పరిశోధకులు పెద్దయిన చిట్టెలుకల చిన్నమెదడులోకి ఆ ప్రొటీన్‌ను ఎక్కిస్తే, కొద్ది రోజుల్లో సినాప్సులు తిరిగి ఏర్పడి నడక బాగుపడింది. 2020లో జపాన్‌లోని యుజాకీ బృందం, ఇతర దేశాల సహచరులతో కలిసి, సెరిబెల్లిన్ ముక్కను ఇంకో సినాప్స్ ప్రొటీన్ ముక్కతో జోడించి సినాప్సులను కలిపే కృత్రిమ ప్రొటీన్‌ను తయారుచేసింది. వెన్నుపాము దెబ్బతిన్న చిట్టెలుకల కదలికలు దానితో మెరుగయ్యాయి. ఎదిగిన మెదడులో కూడా తెగిన మాటను మళ్లీ కలపవచ్చని ఇది చూపింది. చిట్టెలుకల నుంచి మనుషులకు దారి దూరం, ఆ దూరం నడవడానికే మేమంతా పొద్దున్నే పలకలు కోస్తున్నాం.

అందాకా తల్లిదండ్రులకు నా మనవి. బిడ్డకు మాట ఆలస్యమైనా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా "మగపిల్లలకు ఆలస్యంగానే వస్తుంది" అని రోజులు గడపకండి, పిల్లల ఎదుగుదల నిపుణులకు చూపించండి. స్పీచ్ థెరపీ, ప్రవర్తన శిక్షణ ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. మెదడు కణాలను బాగుచేస్తామంటూ లక్షలు తీసుకుని మూలకణాల ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది.